పాత పద్మిని రబ్బర్లకు ఏ సీసా: 303, గ్లిజరిన్, ఎర్ర గ్రీజు

ముందే తీర్పు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఈ పేరాతో ఆగిపోవచ్చు. బయట ఎండ తగిలే రబ్బరుకి 303 ప్రొటెక్టెంట్ అనే ఎండ రక్షణ ద్రవం డబ్బు పెట్టి కొనదగ్గదే. తలుపుల చుట్టూ ఉండే బీడింగుకి, అంటే రబ్బరు పట్టీకి, మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ చాలు. బ్రేకుల లోపలి రబ్బరుకి ఎర్ర రబ్బర్ గ్రీజు తప్ప ఇంకేదీ తగలనివ్వద్దు. ఇక డాష్‌బోర్డు, టైర్లు, బంపర్లు అన్నిటికీ ఒకటేనంటూ అమ్మే జిడ్డు పాలిష్ ఉందే, దాని పేరేదైనా సరే, పాత కారు ఉన్న ఇంటి గేటు దాటి లోపలికి రానివ్వకండి.

ఇక వివరంగా. నాది ప్రీమియర్ పద్మిని కారు, జనం ఫియట్ అని పిలిచేది, 1980ల నాటిది. నాన్నగారు కొన్నారు, ఇప్పుడు నా పేరు మీదుంది. ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను కాబట్టి సీసా ముందున్న బొమ్మ కన్నా వెనకున్న చిన్న అక్షరాలే నాకు ముందు కనపడతాయి. బండి సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో మా ఇంటి ముందు, కానుగ చెట్టు పక్కన ఉంటుంది. నీడంతా ఎడమవైపు పడుతుంది. కుడివైపు మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా పడమటెండే. కావాలని పెట్టుకున్న ఏర్పాటు కాదు గానీ రబ్బరు మీద పరీక్షలకు ఇంతకన్నా మంచి ల్యాబ్ దొరకదు. ఒకే కారు, ఒకే వయసు, మీద పడే వానా ఒకటే, తేడా ఎండ దగ్గరే. పద్మిని ముందు తలుపులకు చిన్న మూలద్దం ఉంటుంది చూడండి, తిప్పి తెరుచుకునేది, గాలి నేరుగా ముఖానికి కొట్టేది. కుడివైపు ఆ అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బూడిద రంగుకి తిరిగి, గోరు పెడితే పొడి రాలేది. ఎడమవైపు దానికి వయసు తెలుస్తోంది గానీ ఇంకా వంగుతోంది.

రబ్బరు కోసం ఇంత యాతనెందుకు, కొత్తది వేసేస్తే పోలా అంటారు చాలామంది. ముంబయి కుర్లాలో పద్మినులు తయారవడం ఆగిపోయి పాతికేళ్ళవుతోంది. క్లచ్ ప్లేటు, కార్బురేటర్ కిట్టు, బ్రేకు సామాను లాంటివి మన హైదరాబాద్ పుత్లీబౌలి గల్లీల్లో అడిగితే ఇప్పటికీ ఏదో ఒక షాపువాళ్ళు అటక మీంచి దింపుతారు. బీడింగులూ ఇస్తారు. కాకపోతే అందులో చాలావరకు ఆకారం సరిగ్గా ఉండి పదార్థం వేరేగా ఉన్నవే. రబ్బరు పేరుతో వచ్చే పీవీసీ. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలు వేడికి మెల్లగా బయటికొచ్చేస్తాయి, ఆ తర్వాత అది గట్టి ప్లాస్టిక్ పట్టీ. మా మెకానిక్ భాయ్ మాట ఇది: "మేడమ్, పాతది బతికున్నంత సేపు దాన్ని కదిలించకండి. ఇప్పుడొచ్చే మాల్ రెండు ఎండాకాలాలు చూడదు."

పైగా బీడింగు పోతే నష్టం బీడింగుతో ఆగదు. ముందద్దం రబ్బరు మూలల దగ్గర ముడుచుకుపోతే వాన నీళ్ళు దాని కిందకి చేరతాయి. రబ్బరు కింద రేకు మడత ఉంటుంది, అక్కడ చేరిన తడికి గాలి తగలదు, ఆరదు. పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది, లోపల తుప్పు నడుస్తూ ఉంటుంది. అక్కణ్ణుంచి నీళ్ళు డాష్‌బోర్డు వెనక దారిలో దిగి కాళ్ళ దగ్గర కార్పెట్ కింద నిలుస్తాయి. పాత ఫియట్లలో ఫ్లోర్ రేకు పోయిన బండి చూస్తే నేను మొదట అద్దం రబ్బరు మూలలే చూస్తాను.

ఇక్కడ కాస్త పాఠం తప్పదు, పాత అలవాటు. సహజ రబ్బరంటే పొడవాటి కార్బన్ గొలుసులు. పచ్చి రబ్బరులో ఆ గొలుసులు వండిన సేమ్యాలా ఒకదాని మీద ఒకటి జారిపోతుంటాయి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడి చేస్తే ఏమవుతుందో కనుక్కున్నాడు. గంధకం ఆ గొలుసుల మధ్య అక్కడక్కడ ముడులు వేస్తుంది, అప్పుడు లాగితే సాగి వదిలితే వెనక్కొచ్చే గుణం వస్తుంది. (ఆయన పేరున్న టైర్ల కంపెనీ పుట్టింది 1898లో. అప్పటికి ఆయన పోయి దాదాపు నలభై ఏళ్ళు, ఆ కంపెనీతో ఆయనకు సంబంధమే లేదు. క్లాసులో ఈ ముక్క చెప్తే పిల్లలు తప్పకుండా గుర్తుపెట్టుకునేవాళ్ళు, సమీకరణం మాత్రం మర్చిపోయేవాళ్ళు.)

వేడి, ఆక్సిజన్ కలిసి ఏళ్ళ తరబడి రెండు రకాలుగా దెబ్బతీస్తాయి. గొలుసులు తెగితే రబ్బరు జిగటగా మారుతుంది. ముడులు మరీ ఎక్కువైతే బిగుసుకుని పెళుసవుతుంది. సహజ రబ్బరు సాధారణంగా మొదట జిగట దారి పడుతుంది. కృత్రిమ రబ్బర్లు, అంటే ఎస్‌బీఆర్, నైట్రైల్ లాంటివి, గట్టిపడే దారి పడతాయి. అందుకే ఒకే కారులో ఒక గ్రోమెట్ (వైర్లు దూరే రంధ్రానికి తొడిగే రబ్బరు వలయం) వేలికి అంటుకుంటుంది, దాని పక్కది ముట్టుకుంటే పుటుక్కుమంటుంది. రెండూ ఒకే రోజు బిగించినవే అయినా రెండిటి జబ్బు వేరు.

మూడో శత్రువు ఓజోన్. పైన ఆకాశంలో ఉన్నంతవరకు అది మనకు రక్ష. నేల దగ్గర మాత్రం ట్రాఫిక్ పొగ మీద గట్టి ఎండ పడినప్పుడు పుడుతుంది, ఎండాకాలం మధ్యాహ్నాలు దానికి అనువైన వేళ. సహజ రబ్బరు గొలుసులో ఉండే ద్విబంధాలను, అంటే కార్బన్ల మధ్య జంట బంధాలను, అది నేరుగా కోసేస్తుంది. గమనిస్తే ఓజోన్ పగుళ్ళు ఎప్పుడూ రబ్బరు సాగి ఉన్న దిశకు అడ్డంగానే పడతాయి. సాగకుండా తీరిగ్గా ఉన్న ముక్క మీద దాదాపు పడవు. అద్దం మూలల్లో వంపు తిరిగిన చోట, హోస్ పైపు మెడ దగ్గర ముందు పగిలేది ఇందుకే. ఇప్పటి కార్ల బీడింగులు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరువి. దాని వెన్నెముక గొలుసులో ద్విబంధాలు ఉండవు, పక్క కొమ్మల్లోనే ఉంటాయి, కాబట్టి ఓజోన్ కోసినా కొమ్మ తెగుతుంది గానీ గొలుసు తెగదు. కొత్త బండి తలుపు రబ్బరు పదేళ్ళయినా చెక్కుచెదరకుండా ఉండటంలో రహస్యం అదే. మన పాత బండ్లకు ఆ అదృష్టం అంతటా లేదు.

ఇంత చెప్పింది ఒక్క సంగతి కోసం. తెగిన గొలుసును అతికించే ద్రవం ఏ సీసాలోనూ లేదు. "రీస్టోర్" అని రాసి ఉంటే అది నల్లరంగో, నూనో, రెండూనో. సీసా చేయగలిగింది ఇంకా తెగని దాన్ని కాసుకోవడం వరకే.

కడగడం గురించి. ఏ మందు రాయాలన్నా ముందు ఇది సరిగ్గా జరగాలి, మనవాళ్ళు ఎక్కువ చెడగొట్టేదీ ఇక్కడే. షెడ్డులో కుర్రాళ్ళు పెట్రోల్లోనో కిరోసిన్‌లోనో గుడ్డ ముంచి బీడింగు తుడిచేస్తారు. తుడిచిన నిమిషంలో నల్లగా నిగనిగలాడుతుంది, ఓనరు సంతోషం. పెట్రోలు రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది. ఆవిరై పోయేటప్పుడు లోపలున్న మైనాన్నీ, ఓజోన్ నుంచి కాపాడేందుకు ఫ్యాక్టరీలో కలిపిన రసాయనాలనూ వెంట లాక్కుపోతుంది. ఆ తర్వాత రబ్బరు మునుపటికన్నా ముడుచుకుని, గట్టిగా మిగులుతుంది. థిన్నర్ ఇంకా ఘోరం.

నేను చేసేది బకెట్ నీళ్ళు, మామూలు కారు షాంపూ, మెత్తని టూత్ బ్రష్. నీళ్ళ విషయంలో ఒక మాట: బోరు నీళ్ళు వద్దు. మన ఊళ్ళో బోరు నీళ్ళు గట్టివి, ఆరాక రబ్బరు మడతల్లో తెల్లటి సున్నపు గీతలు మిగులుతాయి, వాటిని గీకబోతే రబ్బరే గీసుకుపోతుంది. నల్లా వచ్చే వేళ చూసుకుని ఒక బకెట్ పక్కన పెట్టుకోండి. బ్రష్‌తో పొడవునా రుద్దాలి, అడ్డంగా కాదు. మడత లోపల పేరుకున్న మట్టి రెండో మూడో సారికి గానీ వదలదు. ఆ తర్వాత గుడ్డతో తుడిచి నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. ఎప్పటిదో సిలికాన్ జిడ్డు వదలకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో ఒక్కసారి తుడుస్తాను. నానబెట్టను.

రబ్బరు మీద కనిపించే తెల్లటి పొరంతా మురికని అనుకోకండి. లోపలి మైనం పైకి తేలి కట్టుకున్న పొర కూడా అలాగే ఉంటుంది, ఓజోన్‌కి అది సహజమైన అడ్డు. టైరు పక్కలు గోధుమ రంగుకి తిరగడం కూడా అలాంటిదే, ఓజోన్‌ని ఆపే రసాయనం బయటికొచ్చి రంగు మారడం. వారం వారం రుద్ది రుద్ది దాన్ని వదిలించేవాళ్ళు టైరుకు ఉన్న కవచాన్ని తామే ఒలిచేస్తున్నారు. ఏడాదికి రెండుమూడు సార్లు శ్రద్ధగా కడిగితే చాలు, మిగతా రోజుల్లో తడి గుడ్డ.

ఇప్పుడు 303. అమెరికా సరుకు, ఆన్‌లైన్లో దిగుమతిదారుల దగ్గర దొరుకుతుంది, అమ్మేవాణ్ణిబట్టి ధర బాగా మారుతుంది, కాబట్టి నాలుగు చోట్ల చూసి కొనండి. నాకు నచ్చిన మొదటి గుణం అది నీటి ఆధారిత ద్రవం కావడం, పెట్రోలియం ద్రావకాలు లేకపోవడం. రెండోది, రాశాక మెరుపు రాదు. ఎండిన రబ్బరు కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఆ మాట్ నలుపే వస్తుంది. పాత కారు మీద తడి మెరుపు ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో తెలిసినవాళ్ళకే తెలుసు. పని అతినీలలోహిత కిరణాలను ఆపడం. నల్ల రబ్బరులో కలిపే మసి, అంటే కార్బన్ బ్లాక్, ఆ పని కొంత చేస్తూనే ఉంటుంది గానీ పైపొర మాత్రం ఎండకు ఎదురుగా ఉంటుంది కదా, ఆ పైపొరకు ఇది గొడుగు పడుతుంది.

రాసే తీరులో అందరూ తొందరపడతారు. రబ్బరు పూర్తిగా పొడిగా, చల్లగా ఉండాలి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిది దాటితే ఆ ముచ్చట మర్చిపోండి. నేను బండి మీదికి కొట్టను, గుడ్డ మీద కొట్టి గుడ్డతో రాస్తాను, లేకపోతే సగం అద్దం మీద పడుతుంది. రాశాక ఇంకో పొడి గుడ్డ తీసుకుని పూర్తిగా ఆరేదాకా తుడవాలి. గాలికి ఆరుతుందిలే అని వదిలేస్తే చారలు కడుతుంది. నెలకో, నెలన్నరకో మళ్ళీ రాయమని తయారీదారుల సలహా. మా ఎండకు నేను నెల దాటనివ్వను, వానాకాలంలో కొంచెం బద్ధకిస్తాను.

ఫలితం సంగతి. కుడివైపు మూలద్దం రబ్బరు పొడి రాలడం ఆగింది, వేలికి నలుపు అంటడం ఆగింది. పగుళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, పూడలేదు, పూడుతుందని ఎవరూ చెప్పలేదు కూడా. నాకు ముఖ్యమైంది, వెనకద్దం రబ్బరు కుడి మూల. 303 రాయడం మొదలుపెట్టేనాటికి అక్కడ సన్నగా గీతలు మొదలయ్యాయంతే. రెండు ఎండాకాలాలు గడిచాక భూతద్దం పెట్టి చూస్తే ఆ గీతలు లోతు పెరిగినట్టు లేవు. దీన్ని పరిశోధనా ఫలితమని చెప్పను, ఒక్క కారు మీద ఒక్క మూల, అంతే. కానీ డబ్బు పెట్టినందుకు పశ్చాత్తాపం లేదు.

దీన్ని పెడళ్ళ రబ్బరు మీద, స్టీరింగ్ మీద, టైరు నేలకు తగిలే చోట రాయకండి. కారణం విడిగా చెప్పనక్కర్లేదు.

తలుపు బీడింగు దగ్గర మాత్రం 303 వాడటం నాకు దుబారాలా అనిపిస్తుంది. అక్కడ ఎండ తగలదు, సమస్య వేరే. తలుపు మూసి ఉన్నప్పుడు రబ్బరు రోజుల తరబడి పెయింటుకి నొక్కుకుని ఉంటుంది, మే నెల వేడికి దానికే అతుక్కుపోతుంది. తెరిచినప్పుడు చర్రుమని శబ్దం వచ్చిందంటే సన్నటి పొర చిరిగిందన్నమాట. జర్మనీలో గుమ్మి ఫ్లేగె అని స్పాంజి మూతి సీసా ఒకటుంది, అక్కడివాళ్ళు చలికాలంలో తలుపు గడ్డకట్టి అతుక్కోకుండా రాసుకుంటారు. వాళ్ళకు మంచుతో, మనకు ఎండతో, చివరికి పని ఒకటే. దానికోసం జర్మనీ దాకా వెళ్ళక్కర్లేదు, మెడికల్ షాపులో వంద రూపాయల లోపు గ్లిజరిన్ సీసా అడగండి. గ్లిజరిన్ సహజ రబ్బరునూ ఉబ్బించదు, ఈపీడీఎంనూ ఉబ్బించదు, పెయింటును తినదు. సగానికి సగం నీళ్ళు కలిపి గుడ్డతో పలచగా రాసి, మిగిలింది తుడిచేయాలి. చిక్కగా రాస్తే గాలిలో తేమను పీల్చుకుని తడితడిగా ఉంటుంది, మన రోడ్ల దుమ్మంతా దాని మీదే. నీళ్ళలో కరిగే పదార్థం కాబట్టి వానకు కొట్టుకుపోతుంది. వానాకాలంలో మళ్ళీ మళ్ళీ రాయాల్సిందే, ఆ మాత్రం కష్టం చవకదనానికి కట్టే వడ్డీ.

కష్టం వద్దనుకునేవాళ్ళు సిలికాన్ గ్రీజు వాడొచ్చు. హోండా వాళ్ళు తమ కార్ల తలుపు రబ్బర్లకు జపాన్ షిన్-ఎట్సు సిలికాన్ గ్రీజునే సూచిస్తారు. నీళ్ళకు పోదు, నెలల తరబడి ఉంటుంది. నా అభ్యంతరం ఒక్కటే, దాన్ని మీ పెయింటర్ అడగండి చెప్తాడు. సిలికాన్ అంటిన రేకు మీద పెయింటు కొడితే చేపకళ్ళలా గుంటలు పడతాయి, ఎంత తుడిచినా పూర్తిగా వదలదు. పాత బండి అంటే ఎప్పుడో ఒకప్పుడు డెంటింగ్, పెయింటింగ్ తప్పవు. పెయింటు పని అయిపోయిందీ, ఇక జన్మలో ముట్టం అనుకుంటే సిలికాన్ వాడండి. స్ప్రే కన్నా గ్రీజు మేలు, గాలికి ఎగిరి పక్క రేకు మీద పడదు.

కొబ్బరినూనె గురించి అడిగేవాళ్ళు ఎక్కువ. వద్దు. నల్లగా మెరుస్తుంది, రెండు రోజుల్లో దుమ్ము, ఆ తర్వాత కమురు వాసన. సహజ రబ్బరుకి నూనెలు మంచివి కావు. ఇందులో ఒక్క మినహాయింపు ఉంది, అది మన ఆముదం. ఆముదం అణువు మీద హైడ్రాక్సిల్ సమూహాలు ఉండటం వల్ల మిగతా నూనెల్లా అది రబ్బరులోకి సులువుగా చొరబడదు. నేటి గ్లైకాల్ ద్రవాలు రాకముందు బ్రేకుల్లో ఆముదం, ఆల్కహాల్ కలిపిన ద్రవాలే పోసేవాళ్ళు. క్యాస్ట్రాల్ పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరులోంచి వచ్చిందే. నల్గొండ, మహబూబ్‌నగర్ చేలల్లో పండే గింజకి ఇంత చరిత్ర ఉంది. అలాగని సీసాలో ఆముదం తెచ్చి బీడింగుకి పట్టించకండి, కొన్నాళ్ళకు జిగురులా తయారవుతుంది.

ఆముదాన్ని సరిగ్గా వాడిన రూపమే ఎర్ర రబ్బర్ గ్రీజు. చిన్న ట్యూబుల్లో, డబ్బాల్లో దొరుకుతుంది, రంగు ఎరుపే. బ్రేకుల్లోని వీల్ సిలిండర్ కప్పులు (లోపలి రబ్బరు మూతలు), మాస్టర్ సిలిండర్ కిట్టు బిగించేటప్పుడు, దుమ్ము పోకుండా తొడిగే రబ్బరు బూట్ల లోపల పలచగా రాయడానికి. డాట్ 3, డాట్ 4 బ్రేకు ద్రవాలతో గొడవ పడదు. వీల్ బేరింగులకు పెట్టే మామూలు గ్రీజు వేలితోనే బ్రేకు కప్పు ముట్టుకునే మెకానిక్ కనిపిస్తే మర్యాదగా ఆపండి. ఆ గ్రీజులోని ఖనిజ నూనె తగిలిన కప్పు ఉబ్బిపోతుంది, ఉబ్బిన కప్పు సిలిండర్లో ఇరుక్కుంటుంది, బ్రేకు వదలదు లేదా పట్టదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న బండిలో ఒక చక్రం పట్టి ఇంకోటి వదిలితే సరోజినీ దేవి రోడ్డు మీద బండి ఎటు లాగుతుందో ఊహించుకోండి. మా భాయ్‌కి ఈ విషయం నేను చెప్పాల్సిన పని పడలేదు. ఆయనే నాకు, "మేడమ్, చేతులు కడుక్కుని రండి, అప్పుడు ముట్టుకోండి," అన్నాడు.

బ్రేకు రబ్బర్ల విషయంలో భద్రపరచడం అనే మాటే వద్దు. కప్పులు, హోసులు పాతబడితే మార్చడమే. పైకి బాగున్న బ్రేకు హోసు లోపల ఉబ్బి దారి మూసుకుపోవచ్చు, బయట ఏ మందు రాసినా దానికి తెలియదు.

ఇంటర్నెట్లో ఒక వంటకం తిరుగుతూ ఉంటుంది, వింటర్‌గ్రీన్ నూనె, జైలీన్ అనే ద్రావకం కలిపిన ద్రావణంలో గట్టిపడ్డ రబ్బరును నానబెడితే మెత్తబడుతుందని. మెత్తబడే మాట నిజమే. ఆ నూనె మిథైల్ సాలిసిలేట్, నొప్పుల బామ్ వాసన అదే. అది రబ్బరులోకి ఇంకి ఉబ్బించి మెత్తబరుస్తుంది, ఎక్కువైన ముడుల్ని విప్పదు. కొలత మారిపోతుంది, కొన్నాళ్ళకు మళ్ళీ గట్టిపడుతుంది. తీసేటప్పుడు విరగకుండా ఉండాలనుకునే ఏ పాత గ్రోమెట్‌కో పనికొస్తుందేమో. జైలీన్ ఆవిరి పీల్చడం మంచిది కాదు, మంటకు భయం, మిథైల్ సాలిసిలేట్ కడుపులోకి పోతే విషం. పిల్లలున్న ఇంట్లో ఆ సీసా ఉండకూడదన్నది నా పట్టుదల. గ్రోమెట్ మెత్తబడాలంటే వేడి నీళ్ళలో కాసేపు వేసి, వేడి మీదే బిగించండి, ఎన్నో సార్లు పని జరిగిపోతుంది.

ఇవన్నీ చేసినా కొన్ని ముక్కలు బతకవు. నాకు డిక్కీ బీడింగు అలాగే పోయింది, దానికోసం సికింద్రాబాద్‌లోని రాణీగంజ్ బజారుకి వెళ్ళాను. షాపు పేరు రాయను, పెద్దాయన బోర్డు మీద కూడా పెద్దగా రాసుకోలేదు. హోసులు, ఓ-రింగులు, రబ్బరు షీట్లు, మీటర్ల లెక్కన బీడింగు చుట్టలు అమ్మే గల్లీ అది, అక్కడ కారు పేరు చెప్తే ఎవరికీ పట్టదు. పాత ముక్క చేతిలో ఉండాలి, అది కూడా బాగున్న చోట కోసిన అడ్డుకోత. పెద్దాయన దాన్ని వేళ్ళ మధ్య నలిపి, కళ్ళజోడు పైకెత్తి కోత వైపు చూసి, "పద్మిని కాదమ్మా ఇది, జీపు మాల్ కూడా కూర్చుంటది," అని లోపల్నుంచి ఒక చుట్ట లాక్కొచ్చాడు. నిజంగానే కూర్చుంది. ఆయన దగ్గర నచ్చినదేంటంటే, ఇది ఈపీడీఎమ్మా పీవీసీనా అని అడిగితే కోప్పడకుండా ఒక చివర కత్తిరించి చేతిలో పెట్టాడు. నచ్చనిది, బిల్లు అడిగితే లెక్కల పుస్తకం వెతకడానికే అరగంట. ఆ ముక్కను ఇంటికి తెచ్చి పరీక్షించాను. రాగి తీగ ఎర్రగా కాల్చి ముక్కకు అద్ది మళ్ళీ మంటలో పెడితే పచ్చటి మంట రావడం క్లోరిన్‌కి గుర్తు, అంటే పీవీసీ. నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరులోనూ క్లోరిన్ ఉంటుంది, అది గుర్తుంచుకోవాలి. ఇది పచ్చగా మండలేదు. ఇంకో ముక్క మీద ఇంజన్ ఆయిల్ చుక్క వేసి రాత్రంతా వదిలితే ఉబ్బింది, అంటే నైట్రైల్ కాదు. బీడింగుకి అంతకు మించి తెలుసుకోనక్కర్లేదు. పైకప్పు మీదో ఆరుబయటో ఇలాంటి పరీక్షలు చేసుకోండి, వంటింట్లో కాదు.

మిగిలిన బీడింగు ఎక్కడ దాచాలన్నది కూడా ఆలోచించాల్సిందే. రబ్బరు వస్తువుల నిల్వకు ఐఎస్ఓ 2230 అనే ప్రమాణం ఉంది, 25 డిగ్రీల లోపు ఉంచమంటుంది. మే నెలలో హైదరాబాద్ అటక మీద 25 డిగ్రీలు! సరే, చేతనైనంత. టాల్కం పౌడర్ చల్లి, సాగకుండా వదులుగా చుట్టి, నల్ల కవర్లో పెట్టి, ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గది మంచం కింద పెట్టాను. మేకుకు వేలాడదీయకూడదు, వేలాడిన చోటే సాగి పగులుతుంది. కార్బన్ బ్రష్‌లున్న కరెంటు మోటార్ల దగ్గర, వెల్డింగు జరిగే చోట అస్సలు వద్దు, ఆ నిప్పురవ్వల దగ్గర ఓజోన్ పుడుతుంది.

ఒక్క ముక్క పెట్రోలు పైపుల గురించి చెప్పి ఆపేస్తాను, ఎందుకంటే ఈ ఏడాది దీనికే ఎక్కువ మంది ఫోన్లు చేశారు. 2025 నాటికి మన పెట్రోల్లో ఇథనాల్ 20 శాతానికి చేరింది. పాత బండ్ల పైపులు, పంపు లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్) దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఇథనాల్ కొన్ని రబ్బర్లను ఉబ్బించి, ఆరాక గట్టిపరుస్తుంది. పైన 303 రాసినా గ్లిజరిన్ రాసినా లోపల పారేది పెట్రోలే కదా. ట్యాంకు నుంచి పంపుకి, పంపు నుంచి కార్బురేటర్‌కి ఉన్న రబ్బరు పైపుల్ని వంచి చూడండి, పగుళ్ళు కనిపించినా, పెట్రోలు వాసన వచ్చినా ఆలోచించకుండా మార్చండి. రాణీగంజ్‌లో "పెట్రోల్ పైపు" అని మాత్రమే అడిగితే ఏదో ఒకటి ఇస్తారు. పైపు మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉందో లేదో చూసి కొనండి, అది ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తట్టుకునే రకం. అచ్చు లేని పైపు మీటరుకు ఎంత తక్కువ చెప్పినా వద్దనండి. పాత క్లిప్పుల్ని కూడా వదిలేయకండి, పైపు కొత్తదై క్లిప్పు పాతదైతే కారేది అక్కడే. ఆదివారం మాత్రం వెళ్ళకండి, గల్లీలో దాదాపు అన్నీ మూతే.